ఇల్లు కొనే ముందు మధ్యవర్తి పని ఏమిటి?

దళారి అన్న మాట వింటేనే చాలామందికి చేదు. మిర్చి అమ్మబోతే దళారి. గేదెను కొనబోతే దళారి. అటు కొంత, ఇటు కొంత తీసుకుని చక్కాపోతాడు. అందుకే ఇల్లు కొనేటప్పుడు, "మధ్యలో అతనెందుకు? మనమే మాట్లాడుకుందాం" అంటారు.

గేదెను కొంటే పాలు పితికి చూడొచ్చు. పళ్ళు చూసి వయసు చెప్పొచ్చు. ఇంటిని అలా చూడలేం. గోడలు కనపడతాయి, కప్పు కనపడుతుంది. ఆ ఇల్లు ఎవరిదో గోడ మీద రాసి ఉండదు. అది కాగితాల్లో ఉంటుంది. ఆ కాగితాలు కూడా ఒకచోట ఉండవు. కొన్ని అమ్మేవాళ్ళ పెట్టెలో ఉంటాయి. కొన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటాయి. కొన్ని పంచాయతీలోనో, మున్సిపాలిటీలోనో ఉంటాయి. పని తెలిసిన మధ్యవర్తికి ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో తెలుసు. కమీషను ఇవ్వాల్సింది ఇల్లు చూపించినందుకు కాదు, ఈ పనికి.

ఒక తల్లి నాలుగిళ్ళల్లో పని చేసింది. చీటీ పాడింది. పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. రెండు గదుల రేకుల ఇల్లు కొందామని చూసింది అనుకుందాం. అమ్మేవాడు, "రేపే బయానా ఇవ్వమ్మా, ఇంకొకళ్ళు వస్తున్నారు" అంటాడు. మంచి మధ్యవర్తి అయితే అక్కడే ఆపుతాడు.

"తొందరపడకమ్మా. ముందు ఈసీ తీద్దాం."

"ఈసీ అంటే ఏంది బాబూ?"

"ఇంటికి జాతకం లాంటిది. ఈ ఇల్లు ఎవరు ఎవరికి అమ్మారు, ఎవరికి రాసిచ్చారు, ఎక్కడ తాకట్టు పెట్టారు, రిజిస్టరు అయినవన్నీ అందులో వస్తాయి."

ఈసీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇస్తారు. 30 ఏళ్ళకు తీయించడం మంచిది. కానీ రిజిస్టరు కానివి అందులో రావు. నోటిమాట అప్పులు రావు. తెల్లకాగితం మీద రాసుకున్నవి రావు. అందుకే తెలిసిన మధ్యవర్తి ఇరుగుపొరుగును కూడా అడుగుతాడు. పాత దస్తావేజుల అసలు ప్రతులు చూపించమంటాడు. అసలు లేదు, జిరాక్సే ఉంది అంటే, అసలు ఏ అప్పు కింద ఎవరి దగ్గర ఉందో తేలాల్సిందే.

తర్వాత అతను అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. దీన్ని చాలామంది మర్చిపోతారు. "ఇల్లు మా నాన్నది. ఆయన పోయాడు. నేనూ మా తమ్ముడూ సంతకం పెడతాం" అంటాడు అమ్మేవాడు. "అక్కచెల్లెళ్ళు ఉన్నారా?" అని అడగాలి. తండ్రి సొంతంగా సంపాదించిన ఇల్లు, వీలునామా రాయకుండా పోయాడు అనుకోండి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, తల్లి బతికి ఉంటే ఆమెకు కూడా సమాన వాటా ఉంది. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో కూడా 2005 నుంచి దేశమంతటా కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఉంది. "పెళ్ళయి పోయిన పిల్లకు పుట్టింట్లో ఏముంటుంది?" అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. చట్టం అలా అనడం లేదు. ఆ అక్కచెల్లెళ్ళ సంతకం లేకుండా కొంటే రేపు వాళ్ళు కోర్టుకు పోతారు. వాళ్ళది న్యాయమే. చిక్కుల్లో పడేది మాత్రం కొన్న తల్లి. ఆమె కూడా ఒక ఇంటి ఆడపడుచే కాబట్టి ఈ సంగతి ఆమెకు రెండు విధాల పనికొస్తుంది.

స్థలం సంగతి కూడా చూసుకోవాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీ పట్టా భూమిని అమ్మకూడదని 1977లో చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో కొన్ని సడలింపులు ఇచ్చారు. అయినా ఆ ఇంటి సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ కాదు. ఈ జాబితా ముందే చూపించడం మధ్యవర్తి పని.

మరి మధ్యవర్తిని నమ్మడం ఎలా? బేరం కుదిరితేనే అతనికి డబ్బు. కాబట్టి అతనూ తొందరపెట్టొచ్చు. కమీషను ఎంతో ముందే మాట్లాడుకోవాలి. అమ్మేవాళ్ళ దగ్గర కూడా తీసుకుంటున్నాడా అని మొహమాటం లేకుండా అడగాలి. అతని ద్వారా ఇంతకు ముందు ఇల్లు కొన్నవాళ్ళను కలవాలి. పెద్ద లేఅవుట్లలో ప్లాట్లు, కొత్త అపార్టుమెంట్లు అమ్మించే ఏజెంటుకైతే 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నంబరు అడిగితే తప్పేం లేదు. మోసం చేస్తే రెరాకు ఫిర్యాదు చెయ్యొచ్చు. ఊళ్ళో పాత ఇల్లు అమ్మించే మనిషికి ఆ నంబరు ఉండకపోవచ్చు. అక్కడ ఒక వకీలుకు ఫీజు ఇచ్చి కాగితాలు చూపించుకోవాలి. మధ్యవర్తి ఎంత మంచివాడైనా వకీలు పని వకీలుదే.

బయానా డబ్బు మధ్యవర్తి చేతికి ఇవ్వకూడదు. ఇంటి యజమానులకు, అదీ బ్యాంకు ద్వారా ఇస్తే సాక్ష్యం ఉంటుంది. బయానా కాగితంలో ధర ఎంత, ఇచ్చింది ఎంత, మిగతాది ఎప్పుడు, కాగితాల్లో తేడా వస్తే డబ్బు తిరిగి ఇస్తారా, ఇవన్నీ ఉండాలి. "నేను చదివి వినిపిస్తాలే, నువ్వు వేలిముద్ర వెయ్యి" అంటే ఒప్పుకోవద్దు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడానికి గంట పట్టినా పట్టనీ. వాళ్ళు కూర్చుంటారు.

బయానా కాగితం రాసినంత మాత్రాన ఇల్లు వచ్చినట్టు కాదు. నోటరీ కాగితం కూడా చాలదు. 100 రూపాయలు, అంతకు మించిన విలువ ఉన్న ఇల్లు అమ్మితే దస్తావేజు రిజిస్టరు కావాల్సిందే. ఆ రోజు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఫోటోలు, వేలిముద్రలు ఇవ్వాలి. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. దస్తావేజులో కొనేవారు అన్నచోట ఆ తల్లి పేరు సరిగ్గా రాశారా, నాలుగు దిక్కుల హద్దులు ఇంటి దగ్గర చూసినవేనా అని సంతకానికి ముందే సరిచూసుకోవాలి.

తాళం చేతికి వచ్చాక కూడా పని ఉంటుంది. ఇంటి పన్ను పుస్తకంలో, కరెంటు మీటరు మీద పేరు మారాలి. ఆ రెండూ అయిన తర్వాతే చివరి కమీషను ఇస్తానని మొదట్లోనే చెప్పుకుంటే, మధ్యవర్తి ఆ ఆఫీసులకు కూడా వెంట వస్తాడు.