ఇంటియొద్దనే సిమెంటు పూలతొట్టి



వాకిట నాపరాళ్లు పఱచితిమి. దొడ్డిలో గదులు కట్టితిమి. తులసికిని కరివేపాకునకును నేల కఱవైనది. అంగడిలోని పెద్ద తొట్లకు వెల యెక్కువ. ఇనుపసామానుల యంగడిలో దొరకు సిమెంటుతోను తీగవలతోను తొట్టిని మనమే పోసికొను విధమును నేడు మనవి చేసెదను.

ఈ పనికొక చరిత్ర కలదు. ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మోనియే యను తోటమాలి ఇనుపతీగ వలపై సిమెంటు పూసి తొట్లు చేసి, 1867వ సంవత్సరమున ఆ పద్ధతికి పేటెంటు పొందెను. నేటి మేడలకును వంతెనలకును ఆధారమైన ఇనుము చేర్చిన కాంక్రీటునకు ఆ పూలతొట్టి తొలిమెట్లలో నొకటి. ఇందలి సూక్ష్మ మేమన, సిమెంటు నొక్కుడును బాగుగ భరించును గాని లాగుడును భరింపజాలదు. తడిసిన మన్ను గోడలను వెలుపలికి నెట్టునపుడు పుట్టు లాగుడును ఇనుము పట్టి యుంచును.

ఇక విధానము. రెండు పాత ప్లాస్టికు బొక్కెనలు కావలెను. చిన్నదానిని పెద్దదానిలో నుంచినచో చుట్టును అంగుళమున్నర యెడ ముండవలెను. పెద్దదానికి లోపలను, చిన్నదానికి వెలుపలను నూనె పూయుడు. సిమెంటు ఒక పాలు, జల్లించిన యిసుక మూడు పాళ్లు కలిపి, ముద్ద కట్టునంత నీరు మాత్రమే పోయుడు. నీరెక్కువైనచో బలము తగ్గును. తడి సిమెంటు చర్మమును కాల్చును గనుక చేతులకు రబ్బరు తొడుగులు తప్పవు.

అడుగున రెండంగుళముల మందమున ముద్ద పఱచి, నీరు పోవుటకై నూనె పూసిన వెదురు పుల్లలు మూడు నిలువుగా గ్రుచ్చుడు. వానిపై చిన్న బొక్కెన నుంచి, అందులో ఇసుక నింపి బరువు చేయుడు. నడిమి సందున తీగవలను చుట్టి, ముద్దను కొంచెము కొంచెముగా కూరుచు, గాలి పోవునట్లు వెలుపల తట్టుడు. మఱునాడు ఇసుక తీసి, బొక్కెనలను మెల్లగా త్రిప్పి యూడదీసి, పుల్లలు లాగివేయుడు.

తొట్టి చేతికి వచ్చినది గదా యని తొందరపడరాదు. నేనట్లు తొందరపడి, వారము తిరుగకుండ కరివేపాకు నాటితిని. ఈనెలు పచ్చగానే యుండగా ఆకులు పసుపువన్నె కెక్కి, మొక్క క్రుంగిపోయినది. క్రొత్త సిమెంటులోని సున్నపు గుణము మంటికి క్షారత్వము నిచ్చుటచే వేళ్లు ఇనుపసారమును గ్రహింపజాలవు. కావున తడి గోనెపట్ట కప్పి ఏడు దినములు నానబెట్టుడు. పిమ్మట రంధ్రములు మూసి, నిండ నీరు పోసి, మఱియొక వారము దినమున కొకసారి మార్చుచుండుడు.

తుదకు రంధ్రములపై పెంకుముక్కలుంచి, ఎఱ్ఱమన్ను రెండు పాళ్లు, మాగిన పశువుల యెరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి నింపుడు. పై నంగుళము విడువుడు. తొట్టిని ఇటుకలపై నిలుపుడు. క్రింద నీరు నిలువనీయకుడు, దోమలు పెరుగును.

ఒక్క హెచ్చరిక. పురుగుమందులు వచ్చిన డబ్బాలను, ఎన్ని మారులు కడిగినను, మొక్కల కుపయోగింపరాదు. ఆ విషము ఆకుకూరతో మన కంచములోనికే చేరవచ్చును. డబ్బు మిగిలిన సంతోషము దానిముందు నిలువదు.