హాజరుపట్టీకి ఎక్కని చాకిరీ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కూలి కుటుంబాలను కుంగదీస్తున్నది. డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు. తండ్రి మంచాన పడి, తల్లి కూలికి వెళితే రోగికి తోడెవరు? బడి ఈడు కూతురే. హాజరుపట్టీ ఆమెను గైర్హాజరు అంటుంది. ఊరు బుద్ధిమంతురాలు అంటుంది. ఆమె చేసేది శ్రమ అని ఎవరూ అనరు.

చట్టమూ అనదు. బాలకార్మిక నిషేధ చట్టానికి 2016లో చేసిన సవరణ, బడి వేళలు ముగిశాక పిల్లలు కుటుంబానికి సాయపడవచ్చన్నది. రోగానికి బడి వేళలు తెలుస్తాయా?

జబ్బు అన్ని కులాలకూ వస్తుంది. కానీ భూమి, ఉద్యోగం, వేతన సెలవు ఉన్న ఇల్లు ఆయాను పెట్టుకోగలదు. మలమూత్రాలెత్తే పనిని తరతరాలుగా కొన్ని కులాలకే అంటగట్టిన సమాజంలో ఆ ఆయా ఎక్కడి నుంచి వస్తుందో వేరే చెప్పాలా? ఆమె ఇంట్లో మంచాన ఉన్న అత్తను చూసుకునేది ఆమె కూతురు. ఒక ఇంటి సేవకు జీతముంది. ఆ జీతం కోసం వదిలివచ్చిన ఇంటి సేవకు బాల్యమే మూల్యం.

ఇంగ్లండు 2014లోనే ఇలాంటి పిల్లలను చట్టంలో గుర్తించి, వారి అవసరాలను అంచనా వేసే బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించింది. ఇక్కడ కనీసం బడి మానిన కారణాన్ని కులంతో సహా నమోదు చేయాలి. రోగి గడపకు జీతమిచ్చి సంరక్షకులను పంపాలి. ప్రభుత్వం చేయని పనిని పసిచేతుల మీద మోపి, దానికి మమకారమని పేరు పెట్టడం అన్యాయం.