పాత చిరునామాకు దారిమార్పు

ఇల్లు మారిన గృహస్థు రెండు పనులు చేయును. తపాలా కార్యాలయమునకు కొత్త చిరునామా తెలియజేయును; పాత ఇంటి పొరుగువారితో "మాకై ఎవరైన వచ్చినచో ఫలానా వీధికి పంపుడు" అని చెప్పి వచ్చును. ఈ రెండవ పని మరచినచో దూరమునుండి వచ్చిన బంధువులు తాళము వేసిన తలుపు చూచి మరలిపోవుదురు. ఇంటర్నెట్టులోని పుటల సంగతియు ఇట్టిదే. వెబ్‌సైటును సంస్కరించునపుడు పుటల చిరునామాలు మార్చుట తరచుగా అవసరమగును. మార్చుట తప్పు కాదు. పాత తలుపు వద్ద దారి చెప్పువారు లేకుండుటయే తప్పు. ఆ దారి చెప్పు విధానమెట్టిదో శ్రోతలకు వివరింప దలచితిమి.

నిదర్శనమునకు రామప్ప దేవాలయమును తీసికొందము. పాలంపేటలోని ఈ ఆలయమును కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించెను. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. మన ఆలయములను గూర్చి వ్యాసములు ప్రకటించు వెబ్‌సైటు ఒకటి కలదనియు, అది ప్రతి వ్యాసపు చిరునామాలోను జిల్లా పేరు చేర్చుచున్నదనియు అనుకొందము. 2016 అక్టోబరు వరకు పాలంపేట వరంగల్ జిల్లాలోనిది. కావున ఆ వ్యాసపు చిరునామా 'వరంగల్/రామప్ప'. ఆ నెలలో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినవి; పాలంపేట జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరినది. 2019 ఫిబ్రవరిలో ములుగు ప్రత్యేక జిల్లా అయ్యెను. మొత్తము జిల్లాలు 33 అయినవి. ఎనిమిది శతాబ్దములుగా ఆలయము కదలలేదు. దాని చిరునామా మాత్రము మూడేండ్లలోపల రెండుమార్లు మార్చవలసి వచ్చినది.

మార్చినచో నష్టమేమి? చిరునామా ఒకసారి ప్రకటితమైన పిదప అది ఆ సంస్థ సొత్తుగా మాత్రమే నిలువదు. విద్యార్థి తన పరిశోధన గ్రంథపు అధోజ్ఞాపికలో దానిని వ్రాసికొనియుండును. ఉపాధ్యాయుడు పాఠమునకు తోడుగా పిల్లలకు ఇచ్చియుండును. ఇతర వెబ్‌సైటులు తమ వ్యాసములలో లింకుగా చేర్చియుండును. వీని నన్నిటిని వెదకి దిద్దుట ఎవరి తరము? 2013లో ఉండిన వెబ్ పుటలలో 38 శాతము పదేండ్ల పిదప అందుబాటులో లేవని అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రము 2024లో ప్రకటించినది. అమెరికా సుప్రీం కోర్టు తీర్పులలో ఉదాహరింపబడిన లింకులలో సగము, ఉద్దేశించిన సమాచారమును చూపుట లేదని హార్వర్డు న్యాయశాస్త్ర పండితులు 2014లో వెల్లడించిరి. తీర్పు నిలిచియుండి, దానికి ఆధారమైన పత్రము కనబడకుండుట సామాన్యమైన లోపము కాదు.

రెండవ నష్టము వెదకువారికి సంబంధించినది. గూగుల్ వంటి శోధన యంత్రములు ఏ పుటను ముందు చూపవలెనో నిర్ణయించుటకు, దానికి ఇతర పుటలు ఇచ్చిన లింకులను ఒక ప్రధానమైన ఆధారముగా గ్రహించును. గూగుల్ స్థాపకులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు 1998లో ప్రతిపాదించిన పద్ధతికి ఇదియే మూలము. సంవత్సరముల తరబడి కూడిన ఈ పలుకుబడి పాత చిరునామా పేరనే జమయై యుండును. కొత్త చిరునామాకును దానికిని సంబంధము తెలుపనిచో, అదే వ్యాసము ఊరికి కొత్తగా వచ్చిన మనిషివలె నిలిచిపోవును.

ఇక సంబంధము తెలుపు విధానము. మన బ్రౌజరు ఒక పుటను అడిగినప్పుడు, ఆ పుటను దాచియుంచిన సర్వరు మూడంకెల సంఖ్యతో బదులు చెప్పును. 200 అనగా 'ఇదిగో పుట' అని అర్థము. 404 అనగా 'ఇట్టి పుట ఇచ్చట లేదు'. 410 అనగా 'ఉండెడిది, తొలగించితిమి'. 301 అనగా 'శాశ్వతముగా ఫలానా చోటికి మారినది'. ఈ 301 బదులు అందగానే బ్రౌజరు చదువరిని కొత్త చోటికి తానే కొనిపోవును. శోధన యంత్రము తన పట్టికలో పాత చిరునామాకు బదులుగా కొత్తదానిని వ్రాసికొనును. తెలుగు వికీపీడియాలో దీనికి 'దారిమార్పు' అను చక్కని మాట వాడుకలో నున్నది. మేమును దానినే గ్రహించితిమి. ఇట్టి దారిమార్పు వలన పలుకుబడి తరిగిపోదని గూగుల్ పక్షమున 2016లో తెలుపబడినది. 302 అను మరియొక సంఖ్య కలదు. అది తాత్కాలికమైన మార్పునకు చెల్లును. శాశ్వతముగా ఇల్లు మారినవారు దానిని వాడరాదు.

పని ఆరంభించుటకు ముందు పాత చిరునామాల జాబితా సమగ్రముగా తయారు చేయవలెను. వెబ్‌సైటు నిర్వహించువారి కడనున్న పుటల పట్టిక ఒక్కటే చాలదు. జనులు ఏయే చిరునామాలను అడుగుచున్నారో సర్వరు దినచర్యలో నమోదగుచుండును. దానిని గూడ పరిశీలింపవలెను. పిదప ప్రతి పాత చిరునామాకు ఎదురుగా కొత్త చిరునామా వ్రాసికొనవలెను. ఒక పుటకు ఒకే పుట. చాలమంది ఈ శ్రమకు వెనుదీసి, పాతవాటి నన్నిటిని వెబ్‌సైటు మొదటి పుటకు మళ్లింతురు. రామప్పను గూర్చిన పుస్తకమును అడిగిన చదువరిని గ్రంథాలయపు వాకిట దిగవిడుచుట వంటిది ఇది. గూగుల్ సైతము ఇట్టి మళ్లింపును 'పుట లేదు' అను బదులుతో సమానముగా లెక్కించును. నిజముగా తొలగించిన పుటకు ప్రత్యామ్నాయము లేనిచో 404 గాని 410 గాని చెప్పుటయే నిజాయితీ.

దారిమార్పులు గొలుసుకట్టు కారాదు. మన నిదర్శనమున 'వరంగల్/రామప్ప'ను భూపాలపల్లికి, భూపాలపల్లినుండి ములుగుకు పంపుట సులభమైన పనియే. కాని చదువరి రెండు గుమ్మములు ఎక్కి దిగవలసివచ్చును. గూగుల్ వారి సేకరణ యంత్రము ఇట్టి మలుపులు 10 వరకు అనుసరించి ఆగిపోవును. రెండవ మార్పు జరిగిననాడు మొదటి దారిమార్పును గూడ సవరించి, రెండు పాత చిరునామాలను తిన్నగా నేటి పుటకే చూపవలెను.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. చిరునామాను తెలుగు లిపిలో నుంచుట నేడు సాధ్యమే. కాని యంత్రముల నడుమ అది సాగునపుడు ప్రతి తెలుగు గుర్తును మూడు బైట్లుగాను, ఒక్కొక్క బైటును శాతపు గుర్తుతో కూడిన మూడు అక్షరములుగాను వ్రాయుదురు. 'రామప్ప' అను మాటలో ఒత్తు, దీర్ఘము కలుపుకొని గుర్తులు 6. చిరునామాలో అవి 54 అక్షరములగును. కావున జాబితాలోని చిరునామాలు ఏ రూపమున నున్నవో సరిచూచుకొనవలెను. మరియు 'హైదరాబాద్‌లో' అను మాటయందు 'ద్'కును 'లో'కును నడుమ, అవి సంయుక్తాక్షరము కాకుండ, కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంచుదురు. ఆ గుర్తున్న చిరునామా వేరు, లేనిది వేరు. మనకు ఒకటిగా కనబడిన మాట యంత్రమునకు రెండు మాటలు.

దారిమార్పులు పెట్టిన పిదప వెబ్‌సైటులోని సొంత లింకులను గూడ కొత్త చిరునామాలకు దిద్దవలెను. శోధన యంత్రములకు సమర్పించు పుటల పట్టికలోను కొత్తవే ఉండవలెను. మొదట కొన్ని పుటలతో పరీక్షించి, పిదప తక్కినవి మార్చుట మేలు. మార్చిన తరువాత కొన్ని వారములు శోధన ఫలితములలో ఎత్తుపల్లములు కనబడవచ్చును. అది చూచి తొందరపడి మరల మార్చుట కూడదు. దారిమార్పులను కనీసము ఒక సంవత్సరము ఉంచవలెనని గూగుల్ సలహా ఇచ్చుచున్నది. అది యంత్రమునకు చాలిన గడువు. పుస్తకములో అచ్చయిన చిరునామాను పదేండ్లకు తెరచి చూచు పాఠకునికి అది చాలదు. అతని కొరకు వానిని ఎన్నటికిని తీయకుండుటయే ఉచితము.

వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఈ విషయమై ఒక వ్యాసము వ్రాసి, చిరునామాలు వాటంతట అవి మారవనియు మనుష్యులే మార్చుచున్నారనియు హెచ్చరించెను. మారునట్టి వాటిని చిరునామాలో చేర్చకుడని ఆయన బోధ. రచయిత పేరు, శాఖ పేరు, యంత్రసాధనపు పేరు, ఇవన్నియు మారునవే. జిల్లా పేరు సైతము మారునని మనము చూచితిమి. 'ఆలయములు/రామప్ప' అని తొలుతనే పెట్టియుండినచో, రెండు మార్లు జిల్లాలు మారినను ఆ వ్యాసపు చిరునామా చెక్కుచెదరకుండెడిది. ఇక ఒకసారి చిరునామా మార్చువారు, మరల మార్చనక్కరలేని దానినే ఎన్నుకొందురు గాక.