రెండు ఎక్స్‌టెన్షన్లు - ఒకే వాయిస్‌మెయిల్ పెట్టె: పనితీరు, బాధ్యత

వ్యాససంగ్రహం:
కార్యాలయంలోని రెండు ఫోను ఎక్స్‌టెన్షన్లు ఒకే వాయిస్‌మెయిల్ పెట్టెను పంచుకునే విధానాన్ని 'ఆస్టరిస్క్' అనే టెలిఫోన్ సాఫ్ట్‌వేర్ ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం. ఈ ఏర్పాటు సాంకేతికంగా సులభమైనదే. అయితే 'విన్న సందేశం', 'పూర్తయిన పని' అనే రెండు వేర్వేరు స్థితులను పెట్టె ఒకటిగా చూపడం వల్ల సందేశాలు బదులు లేకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది. దానికి కారణాన్ని, నివారణ మార్గాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: వాయిస్‌మెయిల్, ఎక్స్‌టెన్షన్, ఈపీఏబీఎక్స్, ఆస్టరిస్క్, సూచిక దీపం, ఉమ్మడి బాధ్యత.

1. ఉపోద్ఘాతం:
ఒక విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో ఇద్దరు ఉద్యోగులు ఒకే పని చూస్తున్నారని అనుకుందాం. ఒకరి బల్లపై 201, మరొకరి బల్లపై 202 ఎక్స్‌టెన్షన్ ఉన్నాయి. ధ్రువపత్రం కోసం ఫోన్ చేసే విద్యార్థికి ఈ రెండు సంఖ్యల భేదంతో పని లేదు. ఎవరో ఒకరు బదులిస్తే చాలు. ఇద్దరూ బల్ల దగ్గర లేనప్పుడు విద్యార్థి వదిలిన సందేశం ఒకే చోట చేరాలని, ముందుగా వచ్చినవారు దానిని వినాలని విభాగం కోరుకోవడం సహజం. ఒకే పెట్టెను పంచుకోవాలన్న ఆలోచన ఇక్కడే పుడుతుంది.

ఇటువంటి ఏర్పాటును పరిశీలించడానికి ఆస్టరిస్క్ అనువైన ఉదాహరణ. మార్క్ స్పెన్సర్ 1999లో రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ సాధారణ కంప్యూటరును కార్యాలయ ఎక్స్ఛేంజిగా, అంటే మన వాడుకలోని ఈపీఏబీఎక్స్‌గా, మారుస్తుంది. దీని మూలసంకేతం బహిరంగంగా లభిస్తుంది కనుక లోపలి పనితీరును ఎవరైనా పరిశీలించవచ్చు.

2. ఎక్స్‌టెన్షన్, పెట్టె - రెండు వేర్వేరు వస్తువులు:
ప్రతి ఫోనుకూ దానిదైన పెట్టె ఉంటుందన్నది సాధారణ భావన. ఫోను సంఖ్య, పెట్టె సంఖ్య ఒకటిగా ఉండడం వల్ల ఈ భావన బలపడింది. నిజానికి ఎక్స్‌టెన్షన్ అంటే పిలుపును ఎక్కడికి పంపాలో చెప్పే సంఖ్య. వాయిస్‌మెయిల్ పెట్టె అంటే సర్వరులో సందేశాల ఫైళ్లను దాచే స్థలం. ఆ స్థలానికి ఒక సంఖ్య, ఒక పాస్‌వర్డ్, ఒక స్వాగత వాక్యం ఉంటాయి. ఈ రెండింటి మధ్య సంబంధాన్ని మనమే కల్పించాలి. ఆ సంబంధం మూడు విధాలు.

మొదటిది జమ. 201కి వచ్చిన పిలుపును, ఉదాహరణకు 20 సెకన్లలోపు, ఎవరూ ఎత్తకపోతే దానిని ఏ పెట్టెకు పంపాలో పిలుపుల ప్రణాళికలో రాస్తారు. 201, 202 రెండింటి కింద 200 అనే ఒకే పెట్టెను పేర్కొంటే సందేశాలన్నీ అక్కడికే చేరతాయి.

రెండవది సూచన. కొత్త సందేశం ఉన్నప్పుడు ఫోనుపై చిన్న దీపం వెలుగుతుంది. ఏ పెట్టెను బట్టి తన దీపం వెలగాలో ప్రతి ఫోను అమరికలోనూ విడిగా రాయాలి. రెండు ఫోన్ల అమరికలోనూ 200 పెట్టెనే చూపితే రెండు దీపాలూ కలిసి వెలుగుతాయి, కలిసి ఆరుతాయి.

మూడవది ప్రవేశం. సందేశాలు వినడానికి ఉద్యోగి నొక్కే సంఖ్య ఏ పెట్టెను తెరవాలో నిర్ణయించాలి. అది ఫోను సంఖ్యనే పెట్టె సంఖ్యగా భావించేలా అమర్చి ఉంటే, 201 నుంచి ప్రయత్నించినవారికి 200 పెట్టె తెరుచుకోదు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి మరచినా ఏర్పాటు అసంపూర్ణమవుతుంది. జమ కుదిరి సూచన కుదరకపోతే సందేశం వచ్చిన సంగతే తెలియదు. సూచన కుదిరి ప్రవేశం కుదరకపోతే దీపం వెలుగుతున్నా సందేశం వినే దారి ఉండదు.

3. దీపం చెప్పేది, చెప్పనిది:
ఇంటర్నెట్ ఆధారిత ఫోన్లలో దీపానికి సంబంధించిన సమాచారం ఎలా ప్రయాణించాలో 2004లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 3842 అనే ప్రమాణపత్రం నిర్దేశించింది. దాని ప్రకారం ఫోను తనకు కావలసిన పెట్టె స్థితిని తెలపమని సర్వరును ముందుగా కోరుతుంది. స్థితి మారినప్పుడల్లా సర్వరు క్లుప్తమైన లెక్కను పంపుతుంది. '2/8' అని వస్తే కొత్త సందేశాలు రెండు, పాతవి ఎనిమిది అని అర్థం. ఎవరు విన్నారు, విని ఏం చేశారు అన్నది ఆ లెక్కలో ఉండదు.

సమస్యకు మూలం ఇక్కడే ఉంది. ఆస్టరిస్క్‌లో కొత్త సందేశం 'ఇన్‌బాక్స్' అనే అరలో ఉంటుంది. ఎవరైనా విని పెట్టెను మూసిన వెంటనే అది దానంతటదే 'ఓల్డ్' అనే అరకు మారుతుంది. వేరే కొత్త సందేశాలు లేకపోతే రెండు దీపాలూ ఆరిపోతాయి. 'విన్నది' అన్న గుర్తు పెట్టెకు చెందినదే తప్ప వ్యక్తికి చెందినది కాదు.

ఫీజు గడువు గురించి ఒక విద్యార్థి సందేశం వదిలాడనుకుందాం. 201లోని ఉద్యోగి దానిని విని, వివరాలు చూసి తరువాత ఫోన్ చేయాలనుకుంటాడు. అంతలో వేరే పనిపై బయటికి వెళ్తాడు. దీపం ఆరి ఉండడం చూసి 202లోని ఉద్యోగి బాకీ ఏమీ లేదనుకుంటాడు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. కానీ విద్యార్థికి బదులు అందదు, గడువు దాటిపోతుంది.

4. ప్రత్యామ్నాయం - రెండు పెట్టెలు, రెండు ప్రతులు:
ఉమ్మడి పెట్టెకు బదులు ఒకే సందేశాన్ని రెండు పెట్టెల్లో జమచేసే వీలు కూడా ఆస్టరిస్క్‌లో ఉంది. పిలిచినవారికి మొదటి పెట్టె స్వాగత వాక్యం వినిపిస్తుంది. సందేశపు ప్రతి రెండవ పెట్టెకూ చేరుతుంది. అప్పుడు ఎవరి దీపం వారిదే. ఒకరు విన్నా, తొలగించినా మరొకరి ప్రతి చెక్కుచెదరదు.

ఈ పద్ధతిలో సందేశం మరుగునపడే అవకాశం తగ్గుతుంది. కాని ఇద్దరూ అదే విద్యార్థికి విడివిడిగా ఫోన్ చేసే అవకాశం పెరుగుతుంది. ఇద్దరూ వేర్వేరు సమాధానాలు చెబితే గందరగోళం మరింత ఎక్కువ. సందేశాన్ని ఈమెయిలు ద్వారా ఇద్దరికీ పంపినా ఇదే పరిస్థితి. పైగా ఈమెయిలులో విన్నంత మాత్రాన పెట్టెలోని సందేశం పాతది కాదు, దీపం వెలుగుతూనే ఉంటుంది. కనుక ఉమ్మడి పెట్టెలో పని జరగకుండా మిగిలే ప్రమాదం, జంట ప్రతుల్లో పని రెండుసార్లు జరిగే ప్రమాదం ఉన్నాయి. ఆయా కార్యాలయంలో ఏది ఎక్కువ నష్టమో బేరీజు వేసి పద్ధతిని ఎంచుకోవాలి.

5. దీపం అర్థాన్ని మార్చడం:
ఉమ్మడి పెట్టెనే ఎంచుకున్నవారికి ఆస్టరిస్క్ అమరికల్లోనే ఒక ఉపాయం ఉంది. విన్న సందేశాలను పాత అరకు తరలించే లక్షణం పేరు 'మూవ్‌హర్డ్'. ప్రత్యేకించి మార్చకపోతే అది అమలులోనే ఉంటుంది. దానిని నిలిపివేస్తే విన్న తరువాత కూడా సందేశం ఇన్‌బాక్స్‌లోనే నిలుస్తుంది. ఎవరైనా ఉద్దేశపూర్వకంగా తొలగించేవరకు, లేదా వేరే అరలో భద్రపరిచేవరకు రెండు ఫోన్ల దీపాలూ ఆరవు.

పని ముగిసే వరకు సందేశాన్ని కదపకూడదన్న నియమాన్ని దీనికి జోడిస్తే దీపం అర్థమే మారుతుంది. అంతవరకు 'వినని సందేశం ఉంది' అని చెప్పిన దీపం, ఇప్పుడు 'తీరని పని ఉంది' అని చెబుతుంది. కార్యాలయానికి కావలసిన సమాచారం ఈ రెండవదే.

దీనికి తోడు మరికొన్ని జాగ్రత్తలు అవసరం. స్వాగత వాక్యంలో వ్యక్తి పేరు కాక విభాగం పేరు చెప్పాలి. అప్పుడు తన మాటను ఒకరికంటె ఎక్కువమంది వింటారని పిలిచినవారికి తెలుస్తుంది. పాస్‌వర్డ్ ఉమ్మడిది కనుక ఇద్దరిలో ఒకరు బదిలీ అయిన రోజే దానిని మార్చాలి. ఒక సందేశంపై పని ఎవరు చేపట్టారో పెట్టె చెప్పదు కనుక, ఆ వివరం రాసుకోవడానికి చిన్న పుస్తకం ఒకటి ఉండాలి.

6. ముగింపు:
రెండు ఎక్స్‌టెన్షన్లకు ఒకే పెట్టెను కలపడమంటే జమ, సూచన, ప్రవేశం అనే మూడు సంబంధాలను ఒకే సంఖ్యవైపు తిప్పడం. అది కొన్ని నిమిషాల పని. అయితే పెట్టెతోపాటు బాధ్యత కూడా ఉమ్మడి అవుతుంది. దానిని ఎలా పంచుకోవాలో యంత్రం నిర్ణయించదు. దీపం ఎప్పుడు ఆరాలి, ఎవరు ఆర్పాలి అనే రెండు ప్రశ్నలకు ఉద్యోగులు ముందుగానే సమాధానం చెప్పుకున్న కార్యాలయంలోనే ఈ ఏర్పాటు సత్ఫలితమిస్తుంది.