కారే కొళాయి, కదలని కాగితం

ప్రభుత్వ భవనానికి శంకుస్థాపన జరిగిన నాడు ఒక శిలాఫలకం వెలుస్తుంది. ప్రారంభోత్సవం నాడు మరొకటి వెలుస్తుంది. ఆ తరువాత ఏబది సంవత్సరాలపాటు ఆ భవనాన్ని నిలబెట్టే చిన్న పనులకు ఏ ఫలకమూ ఉండదు. విరిగిన గడియను బిగించడం, కొళాయికి వాషరు మార్చడం, ఆకులతో మూసుకుపోయిన వాననీటి గొట్టాన్ని శుభ్రపరచడం వంటివి జరిగినప్పుడు ఎవరూ గమనించరు. జరగనప్పుడు మాత్రం ఆ సంగతి గోడలమీద చెమ్మ మరకలై కనిపిస్తుంది.

కచేరీలు, పాఠశాలలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఉద్యోగుల క్వార్టర్లు: సామాన్య ప్రజలు ప్రభుత్వాన్ని కలుసుకునేది ఈ గోడల మధ్యనే. వీటిని కట్టడానికయ్యే వ్యయాన్ని గురించి శాసనసభలలో చర్చలు జరుగుతాయి. వీటిని కాపాడుకోవడాన్ని గురించిన చర్చ మాత్రం గుమాస్తా బల్లమీద, ఒక పలుచని ఫైలులో సాగుతుంది. ఆ ఫైలు ఎందుకంత నెమ్మదిగా నడుస్తుందో తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే దాని ఆలస్యానికి మూల్యం చెల్లించేది ఫైలు నడిపేవారు కారు.

చుక్క లెక్క

సెకనుకు ఒక చుక్క వంతున కారే కొళాయిని తీసుకుందాం. చుక్కను పావు మిల్లీలీటరుగా లెక్కిస్తే రోజుకు 21 లీటర్లకు పైగా, ఏడాదికి 7,800 లీటర్లకు పైగా నీరు వృథా అవుతుంది. అంటే 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర అన్నమాట. దీనికి మందు చేతివేలి గోరంత రబ్బరు బిళ్ళ.

నీరు వృథా కావడం అందులో చిన్న నష్టమే. పెద్ద నష్టం ఆ నీరు ఎక్కడికి చేరుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. కాంక్రీటు శ్లాబులో పగులు ద్వారా దిగిన చెమ్మ లోపలి ఇనుప చువ్వలను చేరితే అవి తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము రెండింతలు మొదలు ఆరింతల వరకు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుండి చీలి, పెచ్చులుగా ఊడిపడుతుంది. పెచ్చు ఊడినచోట చువ్వ గాలికీ నీటికీ మరింతగా బయటపడుతుంది. అప్పటి నుండి నష్టం నడవదు, పరుగెడుతుంది.

ఇక పిట్టగోడ పగులులో మొలిచే రావిమొక్క సంగతి. పక్షి రెట్టలోని విత్తనం నుండి మొలిచిన ఆ మొక్కను మొదటి ఏడు చేతితో పెరికివేయవచ్చు. అయిదారేళ్ళు వదిలితే దాని వేళ్ళు గోడలోకి దిగి రాళ్ళను విడదీస్తాయి. అప్పుడు మొక్కను తీయాలంటే గోడను విప్పక తప్పదు. గోటితో పోయేదానికి గొడ్డలి అన్న మాటకు ఇంతకంటె తగిన ఉదాహరణ ప్రభుత్వ కార్యాలయాల డాబాల మీద తప్ప వేరెక్కడా దొరకదు. మన పాత కచేరీలలో ఎన్నింటి నెత్తిన ఈ పచ్చని కొమ్మలు ఊగుతున్నాయో దారిన పోయేవారు తలెత్తి చూస్తే చాలు.

2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ పాఠశాల భవనం కూలి ఏడుగురు పిల్లలు మరణించారు. అంతకు కొద్దిసేపటి ముందే పైకప్పు నుండి పెళ్ళలు రాలడాన్ని గమనించి చెప్పామని బయటపడిన పిల్లలు అన్నట్లు అప్పటి పత్రికలలో వచ్చింది. ఏ భవనమూ ఒక్కసారిగా కూలదు. చాలాకాలం ముందు నుండే అది కబురు పంపుతూ ఉంటుంది. ఆ కబురును అందుకోవలసిన మనిషి ఎవరు, అందుకున్నాక అతని చేతిలో ఏమున్నది అన్నదే ప్రశ్న.

నాలుగు మెట్లు

డల్హౌసీ గవర్నర్ జనరల్‌గా ఉన్న కాలంలో, 1854లో, ప్రజాపనుల శాఖ ఏర్పడింది. అంతకు ముందు రోడ్లూ భవనాలూ సైనిక బోర్డుల అధీనంలో ఉండేవి. నేటి కేంద్ర ప్రజాపనుల శాఖ తన పుట్టుకను ఆ సంవత్సరం నుండే లెక్కించుకుంటుంది. నాటి నుండి పెరుగుతూ వచ్చిన నియమావళి ప్రకారం ఒక పని మొదలు కావాలంటే నాలుగు మెట్లు ఎక్కాలి. మొదట పాలనాపరమైన ఆమోదం, పిదప వ్యయ మంజూరు, ఆపైన సాంకేతిక మంజూరు, చివరకు నిధుల కేటాయింపు. వంతెన కట్టడానికి ఈ మెట్లన్నీ అవసరమే. చిక్కల్లా అదే నిచ్చెనను గడియ బిగించడానికి కూడా గోడకు ఆనించినప్పుడు వస్తుంది.

నియమాలు రాసినవారికి ఈ సంగతి తెలియదనుకోరాదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు కొత్త నిర్మాణాలను, చిన్న పనులను, మరమ్మతులను వేర్వేరుగా నిర్వచిస్తాయి. మంత్రిత్వశాఖలు తమంతట తామే నేరుగా చేయించుకోగల మరమ్మతుల పరిమితి 2005 నాటి నియమాలలో 10 లక్షల రూపాయలు. 2017 నాటి నియమాలు దాన్ని 30 లక్షలకు పెంచాయి. కేంద్ర ప్రజాపనుల శాఖ సైతం నిర్వహణను దైనందిన మరమ్మతులు, వార్షిక మరమ్మతులు, ప్రత్యేక మరమ్మతులు అని విభజించుకున్నది. మురుగు గొట్టం అడ్డుపడితే తీయడం, కాలిన ఫ్యూజు మార్చడం మొదటి తరగతి. సున్నాలు, రంగులు రెండవది. అరిగి చెడినవాటిని పెద్ద ఎత్తున మార్చడం మూడవది.

అయితే ఢిల్లీలో సచివాలయానికి దక్కిన వెసులుబాటు మారుమూల మండల కేంద్రంలోని ప్రధానోపాధ్యాయునికి దక్కదు. అక్కడ భవనాన్ని వాడేది ఒక శాఖ, బాగుచేయవలసింది మరొక శాఖ. వాడేవారికి ఇంజనీరు లేడు. ఇంజనీరు ఆ కప్పు కింద కూర్చోడు. మధ్యలో ఉత్తరాలు నడుస్తాయి. ఉత్తరం వెళ్తుంది, అంచనా వేయమని సహాయ ఇంజనీరుకు పోతుంది, అంచనా తిరిగి నిధుల కోసం మొదటి శాఖకు వస్తుంది. ఇంతలో వానాకాలం గడిచి అంచనా పాతబడుతుంది. రేట్ల పట్టిక మారింది గనుక మళ్ళీ వేయమంటారు.

అనుమానానికీ కారణం ఉంది

గుమాస్తాను నిందించడం తేలిక. కాని మరమ్మతులపై ప్రభుత్వానికున్న అనుమానం నిష్కారణమైనది కాదు. కొత్త గది కడితే ఎవరైనా వచ్చి కొలిచి చూడవచ్చు. తవ్వి తీసిన మురుగును, కిందటేడు వేసిన వెల్లను ఎవరు కొలవగలరు? ఒక వర్షానికి సాక్ష్యమంతా కొట్టుకుపోతుంది. అందుకే కొలతల పుస్తకానికి అంత పవిత్రత. దాని పుటలకు వరుస సంఖ్యలుంటాయి, పుట చింపరాదు, అంకె చెరపరాదు, కొలత పనిచోటనే రాయాలి. పరిమితి దాటకుండా ఉండేందుకు ఒకే పనిని ముక్కలు చేసి చూపడాన్ని నియమాలు నిషేధించడానికీ ఇదే కారణం.

దీనివల్ల ఒక విచిత్రమైన ఫలితం కలిగింది. ఇరవై రూపాయల వాషరును నియమం తప్పి కొన్న అధికారికి ఆడిట్ అభ్యంతరం వస్తుంది. కొనకుండా ఊరుకుని, మూడేళ్ళ తరువాత గోడ మొత్తం కట్టించిన అధికారికి ఏ అభ్యంతరమూ రాదు. అతని కాగితాలన్నీ సక్రమంగానే ఉంటాయి. ఖర్చును తనిఖీ చేసే యంత్రాంగం మనకు ఉన్నది గాని, ఖర్చు చేయకపోవడాన్ని తనిఖీ చేసే యంత్రాంగం దాదాపు లేదు. ఈ వ్యాసకర్త దృష్టిలో అసలు లోపం ఇక్కడే ఉంది.

మార్చి నెల సున్నం

మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ ఒకటిన మొదలవుతుంది. 1867లో బ్రిటిష్ ప్రభుత్వం తమ దేశపు లెక్కలకు అనుగుణంగా పెట్టిన ఆనవాయితీ ఇది. నైరుతి ఋతుపవనాలు జూన్ ఒకటి ప్రాంతంలో కేరళను, ఆ తరువాత కొద్ది రోజులకే తెలుగు నేలను తాకుతాయి. పైకప్పు మరమ్మతుకు అనువైన కాలం ఏప్రిల్, మే నెలలు. సరిగ్గా ఆ రెండు నెలలలోనే పాత సంవత్సరపు నిధులు మురిగిపోయి ఉంటాయి, కొత్తవి ఇంకా కిందికి దిగి ఉండవు. ఎన్నికల సంవత్సరమైతే పూర్తి బడ్జెట్టు ఆమోదానికే జూలై, ఆగస్టు నెలలు వస్తాయి.

నిధులు వచ్చేసరికి వర్షాలు. వర్షాలు వెనుకబట్టాక టెండర్లు. చివరకు ఫిబ్రవరి, మార్చి నెలలలో, ఆకాశంలో మబ్బు తునక కూడా లేని రోజుల్లో, సొమ్ము మురిగిపోకుండా చూడాలన్న ఆదుర్దా మొదలవుతుంది. కొద్ది రోజుల్లో పూర్తయి, కంటికి ఇంపుగా కనిపించి, బిల్లు అయ్యే పని ఒక్కటే: సున్నం. కారే కప్పు కింది చెమ్మ మరకపై తెల్లని పూత పడుతుంది. జూలైలో ఆ మరక మళ్ళీ అదే చోట, అదే ఆకారంలో, తన పాత చిరునామాకు తిరిగి వస్తుంది.

సంవత్సరాంతంలో ఖర్చుల ఉరవడి ఆర్థిక ఔచిత్యానికి భంగకరమని నియమాలే చెబుతున్నాయి. ఋతుపవనాల ప్రభావాన్ని లెక్కలోనికి తీసుకునే వీలుండేలా ఆర్థిక సంవత్సరాన్ని జనవరికి మార్చాలని 1980 దశకం మధ్యలో ఎల్.కె. ఝా అధ్యక్షతన ఏర్పడిన సంఘం సూచించింది. ప్రభుత్వం అంగీకరించలేదు. పంచాంగాన్ని మార్చనవసరం లేకుండానే, పైకప్పుల పద్దును మాత్రం ముందుగా విడుదల చేసే ఏర్పాటు చేయవచ్చు. అది ఆర్థికశాఖ ఒక ఉత్తర్వుతో చేయగలిగిన పని.

పేరులోనే పేదరికం

దశాబ్దాలపాటు మరమ్మతులకు మన బడ్జెట్లలో మరొక శాపం ఉండేది. కొత్త కట్టడం ప్రణాళికా వ్యయం. దాన్ని కాపాడటం ప్రణాళికేతర వ్యయం. పొదుపు ఉత్తర్వు వెలువడినప్పుడల్లా మొదటి కోత ప్రణాళికేతర పద్దుకే పడేది. కడితే అభివృద్ధి, కాపాడితే దుబారా అన్నట్లయింది. ఈ విభజన 2017–18 బడ్జెట్టుతో రద్దయింది. అంతకు ముందే పన్నెండవ ఆర్థిక సంఘం ప్రభుత్వ భవనాల నిర్వహణ కోసం రాష్ట్రాలకు 5,000 కోట్ల రూపాయలు ప్రత్యేకంగా సిఫారసు చేసింది. రోడ్లకూ వంతెనలకూ చేసిన 15,000 కోట్ల సిఫారసు దీనికి అదనం. పేరు మారింది గాని అలవాటు మారిందని చెప్పడం కష్టం.

పాత భవనాల విషయంలో సొమ్ముతోబాటు తెలివిడీ కావాలి. సున్నపు గచ్చుతో కట్టిన గోడకు సిమెంటు పూత వేస్తే, అది లోపలి చెమ్మను బయటకు పోనీయక గోడను ఇంకా చెరుస్తుంది. సున్నం కలపడం తెలిసిన మేస్త్రీలు అరుదైపోయారు; రేట్ల పట్టికలో సిమెంటు సిద్ధంగా ఉంటుంది. హైదరాబాదులో విన్సెంట్ ఎష్ రూపొందించిన ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం విషయంలో మరమ్మతా, కూల్చివేతా అన్న వివాదం ఏళ్ళ తరబడి నడిచింది. 2020 జూలైలో వార్డులలోకి వాననీరు చేరిన పిదప రోగులను తరలించి ఆ భవనాన్ని మూసివేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

సొమ్ము దగ్గరకు వచ్చినప్పుడు

మరమ్మతు సొమ్మును కారే కప్పుకు దగ్గరగా తెచ్చే ప్రయత్నాలు మన దేశంలో జరగకపోలేదు. సర్వశిక్షా అభియాన్ కింద మూడు తరగతి గదుల వరకు ఉన్న బడికి ఏటా 5,000 రూపాయలు, అంతకు మించితే 10,000 రూపాయలు నిర్వహణ గ్రాంటుగా నేరుగా అందేవి. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రతి ఉపకేంద్రానికి 10,000 రూపాయల నిధిని ఏర్పరచి, సర్పంచి, ఏ.ఎన్.ఎం. ఉమ్మడి ఖాతాలో ఉంచింది. తలుపు విరిగితే పై అధికారికి ఉత్తరం రాయకుండా ఊరి వడ్రంగిని పిలిచే వీలు కలిగింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రారంభించిన ‘మన బడి: నాడు–నేడు’లో పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారా జరిగాయి. తమ పిల్లలు కూర్చునే గది గనుక, కొలతల పుస్తకం చేయలేని తనిఖీని తల్లి చూపు చేయగలదు.

లోటుపాట్లు లేవని కాదు. పాఠశాల గ్రాంటుల వెంట నడిచి చూసిన ‘పైసా’ సర్వేలు సొమ్ము ఆలస్యంగా చేరుతున్న సంగతిని బయటపెట్టాయి. 2018లో వచ్చిన సమగ్ర శిక్షలో గ్రాంటులన్నీ ఒకటే ముద్దగా మారాయి. విద్యుత్ బిల్లు, బోధన సామగ్రి, మరమ్మతు అన్నీ ఆ ఒక్క సంచిలోంచే రావాలి. కరెంటు బిల్లు కట్టకపోతే దీపం ఆరిపోతుంది, కప్పు మాత్రం ఇంకో ఏడాది ఓర్చుకుంటుంది. కనుక ఓర్చుకునేదే వెనుకబడుతుంది.

సొమ్ముతోబాటు మనిషి కూడా దగ్గరలో ఉండాలి. ఢిల్లీలోని కేంద్రోద్యోగుల కాలనీలలో ‘ఎంక్వయిరీ’ అనే చిన్న కార్యాలయం ఉంటుంది. నివాసి అక్కడ ఫిర్యాదు నమోదు చేయిస్తే ప్లంబరో, వడ్రంగో, ఎలక్ట్రీషియనో సంచితో ఇంటికి వస్తాడు. ఆలస్యాలు, విసుగులు అక్కడా ఉన్నాయి. అయినా ఫిర్యాదుకు ఒక సంఖ్య, ఒక తేదీ, ఒక మనిషి ఉండటం సామాన్యమైన విషయం కాదు. రాష్ట్రాలలో ఈ పని చేసిన వర్క్‌ఛార్జ్‌డ్ సిబ్బంది, దినవేతన మేస్త్రీలు కాలక్రమాన తగ్గిపోయారు. ఆంధ్రప్రదేశ్ 1994లో చేసిన చట్టం దినవేతన నియామకాలను నిషేధించింది. జీతాల భారం తగ్గించే చర్యగా దానికి కారణముంది. కాని ఖాళీ అయిన సంచి ఎవరి చేతికీ రాలేదు.

అధిక వ్యయం లేకుండా చేయగలిగిన పని ఒకటి ఉన్నది. మే నెలలో ఒక రోజు ప్రతి భవనం డాబా పైకి ఒక మనిషి ఎక్కాలి. వాననీటి గొట్టాల నోళ్ళు తెరిచి ఉన్నాయా, పిట్టగోడలో మొక్కలున్నాయా, సజ్జల కింద చువ్వలు కనిపిస్తున్నాయా అని చూసి, భవనానికి ఒకటి చొప్పున ఉంచిన పుస్తకంలో తేదీతో రాయాలి. కిందటేడు రాసినదాని పక్కనే ఈ ఏడాది రాయాలి. మరమ్మతు జరగకపోతే ఆ పుటలో అదే వాక్యం రెండవసారి కనిపిస్తుంది. తనిఖీ అధికారి కొలతల పుస్తకంతోబాటు దాన్నీ అడగవచ్చు. ఇందులో మొదటి అడ్డంకి మాత్రం మరీ చిన్నది. మన ప్రభుత్వ భవనాలలో చాలావాటికి డాబా ఎక్కే మెట్లు లేవు. మెట్లున్నచోట తలుపుకు తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి వద్ద ఉన్నదో వాకబు చేయవలసి వస్తుంది.