ఆత్మవిశ్వాసం, మానసిక ఉపశమనం, మానవ సంబంధాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఆత్మవిశ్వాసానికి ఆధారాలను ఉదాహరణతో వివరించగలుగుతారు. బాధలో ఉన్నవారి మాట వినడంలో పాటించవలసిన పద్ధతిని తెలపగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

"ధైర్యం వచ్చాక నలుగురిలో మాట్లాడతాను", "మనసు కుదుటపడ్డాక పరీక్ష రాస్తాను" అనే మాటలు మీరు వినే ఉంటారు. ముందు ఆత్మవిశ్వాసం, తరువాత పని అన్న నమ్మకం వీటి వెనుక ఉంది. నిజానికి చాలా సందర్భాల్లో పని చేస్తుండగానే ఆత్మవిశ్వాసం పెరుగుతుంది. తోడు ఉంటే ఆ పని మొదలుపెట్టడం తేలికవుతుంది.

2. ఆత్మవిశ్వాసానికి ఆధారాలు

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో స్వీయ సామర్థ్య భావనను ప్రతిపాదించాడు. ఒక పనిని చేయగలనన్న నమ్మకానికి ఆయన నాలుగు ఆధారాలు చెప్పాడు:

అ) స్వయంగా చేసి సాధించిన అనుభవం
ఆ) తనవంటి వారు సాధించగా చూడటం
ఇ) నమ్మకమున్నవారి ప్రోత్సాహం
ఈ) తన శరీర, ఉద్వేగ స్థితిని అర్థం చేసుకునే తీరు

వీటిలో మొదటిది అన్నిటికంటే బలమైనది. ఈ నమ్మకం పనిని బట్టి మారుతుందని కూడా గమనించండి. నాట్లలో పదిమందిని నడిపించే మహిళ బ్యాంకు ఫారం ముందు తడబడవచ్చు. ఆమెకు ఆ పనిలో అనుభవం లేదు, అంతే. దాన్ని స్వభావ లోపంగా భావించకూడదు.

3. ఉదాహరణ: ముల్కనూరు

హుస్నాబాద్‌కు సమీపాన, భీమదేవరపల్లి మండలంలో ముల్కనూరు ఉంది. అక్కడ 1956లో రైతుల సహకార సంఘం ఏర్పడింది. తరువాతి కాలంలో ఈ ప్రాంత గ్రామాల్లో మహిళా పొదుపు సంఘాలు వచ్చాయి. 2002లో మహిళా పాల ఉత్పత్తిదారుల సహకార డెయిరీ మొదలైంది. దాని సభ్యులు, పాలకవర్గం మహిళలే. 'స్వకృషి' పేరుతో పాలు అమ్ముతారు.

ఇక్కడ అడుగుల వరుస ముఖ్యం. మొదట కొద్దిపాటి పొదుపు, ఆపై అప్పులివ్వడం, వసూలు చేయడం, లెక్క చూడటం, చివరకు డెయిరీ నిర్వహణ. ప్రతి మెట్టూ తరువాతి మెట్టుకు అనుభవాన్నిచ్చేదే. పక్కింటి మనిషి సంఘానికి అధ్యక్షురాలైతే చూసినవారికి "నేనూ చేయగలను" అనిపించే అవకాశం ఉంది. ఇది బందూరా చెప్పిన రెండవ ఆధారం.

4. మనసు గాయం, వినే మనిషి

మెట్ట పంటలు, ఎండిన బోర్లు, అప్పులు, గల్ఫ్ వలస ఉత్తర తెలంగాణ కుటుంబాలకు కొత్త కావు. అప్పు కంటే అప్పును దాచిపెట్టే బాధ ఎక్కువ. పరువు పోతుందన్న భయం మనిషిని ఒంటరిని చేస్తుంది.

ఎదుటివారు మనసు విప్పడానికి కావలసిన గుణాలను కార్ల్ రోజర్స్ మూడుగా చెప్పాడు: సహానుభూతి, షరతులు లేని ఆదరణ, నిజాయితీ. భర్త దుబాయిలో ఉన్న ఒకామె "నిద్ర పడ్తలేదక్కా" అన్నదనుకుందాం. "అందరికీ ఉన్నదే, ధైర్నంగుండు" అంటే సంభాషణ అక్కడితో ముగుస్తుంది. "ఎన్ని రోజుల సంది? ఏం యాదికొస్తున్నది?" అని అడిగితే ఆమె చెప్పుకుంటుంది. మొదటి జవాబులోనూ ప్రేమ ఉంది, కానీ వినడం లేదు.

వినడానికీ పరిమితి ఉంది. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి తగ్గి దిగులు వీడకపోతే వైద్యుని సలహా అవసరం. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే వారిని ఒంటరిగా వదలకండి. 2022లో మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా అందుతుంది.

5. మీ చదువుకు అన్వయం

దూరవిద్యలో మీరు ఎక్కువగా ఒంటరిగా చదువుతారు. రోజుకు రెండు పేజీలు చదివి, చదివింది ఇంట్లో ఒకరికి మీ మాటల్లో చెప్పండి. పూర్తయిన చిన్న పని మొదటి ఆధారం. వినే మనిషి మూడవది. సంపర్క తరగతుల్లో పరిచయమైన తోటి విద్యార్థి రెండవది. పరీక్ష గదిలో గుండె వేగంగా కొట్టుకుంటే, అది ఓటమి సూచన కాదని, శరీరం సిద్ధమవుతోందని గుర్తుంచుకోండి. అది నాలుగవది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. స్వీయ సామర్థ్యానికి నాలుగు ఆధారాలను తెలపండి.
2. మీ ఊరిలోని ఒక సంఘాన్ని తీసుకొని, అది సభ్యుల ఆత్మవిశ్వాసాన్ని ఎలా పెంచుతున్నదో పది వాక్యాల్లో రాయండి.
3. ఈ వారం ఒకరి మాటను సలహా ఇవ్వకుండా పది నిమిషాలు వినండి. మీకు కష్టమనిపించిన క్షణాన్ని నమోదు చేయండి.