ఉక్కు కర్మాగారంలో వాట్సాప్: వేగం సరే, బాధ్యత ఎవరిది?

2018 అక్టోబర్ 9న భిలాయ్ ఉక్కు కర్మాగారం కోక్ ఓవెన్ విభాగంలో గ్యాస్ గొట్టంపై ముందే నిర్ణయించిన మరమ్మతు పనులు సాగుతుండగా మంటలు చెలరేగి 14 మంది ప్రాణాలు కోల్పోయారు. మృతులు ఇంధన నిర్వహణ విభాగానికి, అగ్నిమాపక దళానికి చెందిన సిబ్బంది. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 జూన్ 12న, అదే కర్మాగారంలోని నీటి పంపుహౌస్‌లో లోపం తలెత్తి నీటి ఒత్తిడి పడిపోయింది. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ వెనుకకు తన్నింది. ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లతో సహా ఆరుగురు మరణించారు. ఆ వాయువులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు.

ఈ రెండు దుర్ఘటనలకూ సెల్‌ఫోన్లతో ముడిపెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. అయితే ఇటువంటి చోట ఎవరు ఎవరికి ఏమి చెప్పారు, విన్నవారు ఏమి చేశారు అన్నది ప్రాణాలతో కూడిన ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం ఒకప్పుడు లాగ్‌బుక్‌లోనూ, పర్మిట్ కాగితంపైనా వెదికేవారు. నేడు అందులో కొంత భాగం వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లిపోయింది. దేశంలోని కర్మాగారాలు, కార్యాలయాలు అన్నింటిలోనూ ఉన్న పరిస్థితే ఇది. కాకపోతే ఉక్కు నగరంలో దాని పర్యవసానాలు మరింత తీవ్రంగా ఉంటాయి.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన కర్మాగారం ఇది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. భారతీయ రైల్వేలకు పట్టాలు ప్రధానంగా ఇక్కడి నుంచే వెళుతున్నాయి. ఉపాధి కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవారు సెక్టార్లలో స్థిరపడ్డారు. వారిలో తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. సెక్టార్ 5లోని బాలాజీ ఆలయం వారి ఉనికికి గుర్తు. పనిచేసేదీ, నివసించేదీ ఒకే సంస్థ నీడలో కావడంతో పని కబురు ఇంటికి, ఇంటి కబురు పనికి చేరడం ఈ ఊరిలో కొత్త కాదు. ఫోన్ వచ్చాక ఆ ప్రయాణానికి పట్టే సమయం మాత్రం క్షణాలకు తగ్గింది.

ప్రయోజనాలను తక్కువ చేసి చూడనక్కరలేదు. రాత్రి షిఫ్టులో ఒక బేరింగ్ వేడెక్కిందనుకుందాం. విభాగాధిపతి ఇంటి ఫోన్‌కు కాల్ చేసి, ఆయన కర్మాగారానికి వచ్చి చూసేవరకు ఆగవలసిన రోజులు పోయాయి. ఫొటో పంపితే అదే యంత్రంపై ఇరవై ఏళ్లు పనిచేసిన సీనియర్ తన ఇంటి నుంచే లోపం ఏమిటో చెప్పగలడు. దల్లీ రాజహరా గనుల నుంచి ఖనిజం బయలుదేరిందో లేదో తెలుసుకోవడానికి నాలుగు చోట్లకు ఫోన్ చేయవలసిన పని లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది భాష. ఆంగ్లంలో వెలువడే భద్రతా సర్క్యులర్ కాంట్రాక్టు కార్మికుడికి నోటీసు బోర్డుపై అలంకారం మాత్రమే. అదే విషయాన్ని హిందీలోనో, ఛత్తీస్‌గఢీలోనో, తెలుగులోనో ఒక నిమిషం వాయిస్ సందేశంగా పంపితే అర్థమవుతుంది. ఇంత చవకగా ఇంతమందికి చేరే సాధనం మరొకటి లేదన్నది కాదనలేని సత్యం.

మెకిన్సీ గ్లోబల్ ఇన్‌స్టిట్యూట్ 2012లో వెలువరించిన నివేదిక ఇటువంటి సాధనాలను సంస్థలు పూర్తిగా వినియోగించుకుంటే సిబ్బంది ఉత్పాదకత 20 నుంచి 25 శాతం పెరిగే అవకాశం ఉందని అంచనా వేసింది. ఆ లెక్క ప్రధానంగా ఉత్తరప్రత్యుత్తరాలు, సంప్రదింపులతో పనిచేసే ఉద్యోగులకు సంబంధించినది. కొలిమి ముందు నిలబడే మనిషికి దానిని యథాతథంగా వర్తింపజేయడం పొరపాటు.

అసలు చిక్కు పర్మిట్ దగ్గర మొదలవుతుంది. గ్యాస్ గొట్టంపై పని ప్రారంభించే ముందు ఏ వాల్వ్ మూశారు, ఎక్కడ అడ్డుపలక వేశారు, వాయువు శాతం ఎంత ఉంది, ఎవరు పరీక్షించారు అన్నవి రాతపూర్వకంగా ఉండాలి. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు సంతకం చేయాలి. గ్రూపులో 'వాల్వ్ మూశాం' అని సందేశం పెడితే వంద మందికి చేరుతుంది. వంద మందిలో ఎవరి బాధ్యతా కాదు. రెండు నీలిరంగు టిక్కులు చూసినట్టు చెబుతాయే తప్ప, అర్థమైందనీ, ఒప్పుకున్నాననీ చెప్పవు. బొటనవేలు బొమ్మ సంతకం కాదు. పైగా వాట్సాప్‌లో పెట్టిన సందేశాన్ని అందరి ఫోన్లలోనూ చెరిపివేసే సౌకర్యం 2017లో వచ్చింది. 2022 ఆగస్టులో ఆ గడువును రెండు రోజులకు పైగా పొడిగించారు. రిజిస్టర్‌లో కొట్టివేసిన వాక్యం కొట్టివేతగానైనా మిగులుతుంది. షిఫ్టు అప్పగింత వేళ సందేశాన్ని నమ్ముకుని లాగ్‌బుక్ ఖాళీగా వదిలితే, తరువాతి షిఫ్టువారు కాదు, దర్యాప్తు జరిపేవారు కూడా చీకట్లో తడుముకోవలసిందే.

వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు 1,024 మంది వరకు ఉండవచ్చు. శుభోదయాలు, పండుగ శుభాకాంక్షలు, పదవీ విరమణ ఫొటోలు, క్రికెట్ స్కోర్ల నడుమ వచ్చే ఒక గ్యాస్ హెచ్చరిక గతి ఏమిటో ఊహించడం కష్టం కాదు. ఇక మండే వాయువులున్న ప్రాంతాలలో మామూలు సెల్‌ఫోన్ వాడకమే ప్రమాదకరం. నిప్పురవ్వ పుట్టని విధంగా తయారై, ధ్రువీకరణ పొందిన పరికరాలే అక్కడ ఉండాలి. అంటే హెచ్చరిక అత్యవసరమైన చోటనే ఫోన్ చేతిలో ఉండకూడదు. సైరన్, గ్యాస్ అలారం, మైకు చేసే పనిని గ్రూపుకు అప్పగించలేకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

రాతలో ఉండవలసిన విషయాలు సొంత ఫోన్లలోకి పోవడాన్ని ఇతర దేశాలలో తేలికగా తీసుకోవడం లేదు. ఉద్యోగులు వ్యాపార వ్యవహారాలను వాట్సాప్ వంటి సాధనాలలో సాగించి రికార్డులు భద్రపరచలేదన్న కారణంగా అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2022 సెప్టెంబర్‌లో 16 వాల్‌స్ట్రీట్ సంస్థలపై 110 కోట్ల డాలర్లకు పైగా జరిమానా విధించింది. మన దేశంలో కొన్ని కంపెనీల ఆర్థిక ఫలితాలు ప్రకటనకు ముందే వాట్సాప్‌లో తిరిగాయన్న వార్తలు 2017లో రాగా సెబీ దర్యాప్తు చేపట్టింది. భిలాయ్ కర్మాగారం యజమాని సెయిల్ కూడా స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైన సంస్థే. ఉత్సాహం కొద్దీ గ్రూపులో పెట్టే ఉత్పత్తి లెక్క ఎవరి చేతికి చిక్కుతుందో పెట్టినవారికి తెలియదు.

నిద్ర సంగతి మరొకటి. రాత్రి షిఫ్టు దిగి పగలు పడుకున్న కార్మికుడి ఫోన్ జనరల్ షిఫ్టు వేళల్లో మోగుతూనే ఉంటుంది. పని ముగిశాక ఫోన్‌కు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017లోనూ, ఆస్ట్రేలియా 2024లోనూ చట్టంలో చేర్చాయి. 2018 డిసెంబర్‌లో సుప్రియా సూలే లోక్‌సభలో ప్రవేశపెట్టిన ఇటువంటి ప్రైవేటు బిల్లు చట్టరూపం దాల్చలేదు. కొలిమి దగ్గర నిద్రమత్తు ఎంత ప్రమాదమో యాజమాన్యాలకు వేరే చెప్పనక్కరలేదు.

యాజమాన్యాలు ఎక్కువగా ఆందోళన చెందేది మాత్రం వేరే అంశంపై. 2017 జనవరి 1 నుంచి రావలసిన వేతన సవరణపై అవగాహన కుదరడానికి 2021 అక్టోబర్ వచ్చింది. ఆ ఏడాది జూన్ 30న సెయిల్ కర్మాగారాలలో కార్మికులు సమ్మె చేశారు. ఇటువంటి జాప్యాల వేళ గ్రూపులు వేడెక్కడం సహజం. యూనియన్ కార్యాలయం గడప తొక్కని యువ కార్మికుడు కూడా అక్కడ ప్రశ్నిస్తాడు. అది క్రమశిక్షణ ఉల్లంఘనగా అధికారులకు తోస్తుంది. సంస్థను బహిరంగంగా విమర్శించడాన్ని ప్రభుత్వరంగ సంస్థల ప్రవర్తనా నియమాలు అంగీకరించవు. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టివేసినా ఈ నియమాలు అలాగే ఉన్నాయి. కాని వేతనం అడిగిన సందేశాన్నీ, గ్యాస్ లీకైందన్న సందేశాన్నీ ఒకే అనుమానంతో చూస్తే నష్టపోయేది కర్మాగారమే. మొదటిదానికి మెమో అందుకున్నవాడు రెండోదాన్ని పంపడానికి జంకుతాడు.

భోపాల్ దుర్ఘటన అనంతరం 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ఆసన్న ప్రమాదం గురించి హెచ్చరించే హక్కును కార్మికులకు కల్పించారు. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా ఆ హక్కును ఉంచింది. దాని ప్రకారం ప్రాణాపాయం ఉందని సహేతుకంగా భావించిన ఉద్యోగి యజమానికి నేరుగా గాని, భద్రతా కమిటీ సభ్యుని ద్వారా గాని తెలియజేయవచ్చు. అదే సమయంలో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్‌కూ తెలపాలి. షాపు వాట్సాప్ గ్రూపులో ఆ ఇన్‌స్పెక్టర్ సభ్యుడు కాడు.